జోల దిండు

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ జోల దిండు ఉంది. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినబడితే చాలు, పాట అందుకుంటుంది.

హైమవతికి నెల తప్పింది. స్కాన్‌లో మాత్రం గర్భసంచి ఖాళీగా ఉంది. అయినా ఆమె కుడిపక్కకు తిరిగి పడుకుంటే దిండు పాడుతోంది.

"దిండు పాడైంది, మార్పిద్దాం," అన్నాడు భర్త శశాంక్.

అత్తగారు దిండు తీసి కోడలి పొత్తికడుపు మీద పెట్టింది. చప్పుడు లేదు. మెల్లగా పైకి జరిపింది. కుడి పక్కటెముకల కింద, కాలేయం ఉండేచోట, జోల గట్టిగా వినబడింది.

"బిడ్డ ఉండకూడని చోట ఉందిరా. హైమ ప్రాణానికే ముప్పు. కారు తియ్యి."

దారంతా దిండు పాడుతూనే ఉంది.

"దాన్ని ఆపమ్మా," అన్నాడు శశాంక్.

"ఆపాల్సింది డాక్టర్లురా."

హైమ దిండును పక్కటెముకలకు ఇంకాస్త హత్తుకుంది.