ఎవ్వలకు తెల్వని భాష

సకల జనుల సమ్మె నడుస్తున్నది. పొద్దుగాల పోయిన కరెంటు చీకటి పడ్డంక వచ్చింది. మానుకోటల మా అద్దె రూముల కంప్యూటర్ తెరిచిన.

అండ్ల ఉన్నది నా ఇంజనీరింగ్ ఆఖరి ఏడు ప్రాజెక్టు. మనిషి మెదడు లెక్క ఆలోచించి మాట్లాడే మిషిని. నేను టైపు కొట్టిన మాటలే దానికి చదువు. ఇంటర్నెట్ లేదు, మైకు లేదు. తెలుగు తప్ప ఏం నేర్పలే. మా లంబాడి మాట వింటేనే కాలేజీల నవ్వుతరు, దీనికెందుకు నేర్పుత?

"తిన్నవా అన్నా?" అని తెర మీద అడిగింది. గా మాట నేను నేర్పిందే.

"రేపు రైల్‌రోకోకు మీ తండా నుంచి ఎంతమంది వస్తున్రు?"

గిది నేను నేర్పలే.

"ఎల్లేశ్, దీన్ని ముట్టినవారా?" రూమ్మేట్‌ను గట్టిగ అడిగిన.

"పాస్‌వర్డ్ నీకే తెల్సుగద," అని వాడు దుప్పటి కప్పుకొని అటు తిరిగిండు. జరసేపటికి గురక మొదలైంది.

పొద్దున యాడితోని, అంటే మా అమ్మతోని, రేపటి రైల్‌రోకో ముచ్చట్లన్ని లంబాడిల ఫోన్ల మాట్లాడిన. ఎల్లేశ్ పక్కనే ఉన్నా భయపడలే. మా భాష ఈ రూముల ఎవ్వలకు తెల్వదని నా ధీమా.

"నీకెవలు చెప్పిన్రు?" అని కొట్టిన.

ఎల్లేశ్ గురక ఆగింది.

అప్పుడు అక్షరాలు ఒక్కొక్కటే వచ్చినయి. "యాడి పట్టాల మీద ఏడ కూసుంటది?"

జేబుల ఫోన్ మోగింది. యాడే. ఎత్తిన.

ఏ భాషల మాట్లాడాల్నో తెల్వలేదు.