నీటిబుర్ర చెప్పిన లెక్క

మొదట చెన్నకేశవులు చేతిలో నాలుగు షికారు పడవలున్నాయి, వల వేసి ఇల్లు నడిపే భార్య మరియమ్మ ఉంది.

అన్ని డ్యాముల్లో లాగే వాళ్ళ జలాశయంలోనూ ఎండు సొరకాయలాంటి ఒక నీటిబుర్ర తేలుతుండేది. చేపల అలికిడి విని, ఆరోజు ఎన్ని పడవలు తిరగవచ్చో అది తెల్లవారగానే చెప్పేది; అలికిడి ఎంత ఎక్కువైతే పడవలు అంత తక్కువ. కొత్తనీరు వచ్చాక మొదటి ఆదివారం “ఒకటి” అంది. రేవు నిండా జనం. కేశవులుకు కాలు నిలవలేదు.

“చేపలు ఒడ్డున గుడ్లు పెడతన్నయి. నేనే వల ముట్టుకోటంలా. నీకేం తొందరయ్యా?” అంది మరియమ్మ.

“నీ చేపలు టికెట్టు కొంటయ్యా?” అంటూ అతను ఈదుకుంటూ పోయి బుర్ర మీద తడి గోనెసంచి కప్పాడు. అలికిడి వినపడక అది మాట మార్చి “నాలుగు” అంది.

సాయంత్రం దాకా పడవలన్నీ తిరిగాయి. వాటి అలలు గుడ్లను రాళ్ళ మీదికి విసిరేశాయి. మరియమ్మ వాటిని కొంగులోకి ఎత్తి మళ్ళీ నీళ్ళలో వదిలింది కానీ, అవి అప్పటికే తెల్లగా పాలిపోయాయి.

“ఏడాది తిండి ఇది. ఇంక నీ పడవలే వండుతా,” అంది.

మర్నాడు పొద్దున్నే కేశవులు సంచి తీసేశాడు. ఒకటి అనాలని, పోనీ రెండనాలని, బుర్రను పట్టుకుని నీళ్ళలోనే నిలబడ్డాడు. అది చాలాసేపు విన్నది. తర్వాత, ఏ సంచీ లేకుండానే, “నాలుగు” అంది.

అతను కోరిన నాలుగు పడవలూ అతనికి దక్కాయి, వాటి కింద అలికిడి లేని నీళ్ళతో సహా.