తొలి మాట

"ష్..." అంటూ గౌరీశ్వరి మనవడి పెదాల మీద వేలు పెట్టింది.

రాణికి ఒళ్ళు మండిపోయింది. అరటిపండు చేత్తో పట్టుకుని, "పండు అను నాన్నా, పం...డు" అని ఎంతసేపట్నుంచో బతిమాలుతోంది. ఎన్నాళ్ళకో సాయి ఇప్పుడే పెదాలు కలిపాడు. సరిగ్గా అప్పుడే అత్తగారి వేలు అడ్డొచ్చింది. ఆవిడ పండు లాక్కుని వాడి చేతిలో పెట్టేసి, "తినీరా గుంటడా" అంది గుసగుసగా. వాడు కిమ్మనకుండా తిన్నాడు.

సాయికి మూడో ఏడు నడుస్తోంది. ఇంతవరకూ ఒక్క మాట లేదు. కింద వాటాలో జమాలున్నీసా కూతురు మహీన్ వీడికన్నా చిన్నది. అదేమో గేటు పట్టుకుని వచ్చేపోయేవాళ్ళందరినీ ఆరా తీస్తుంది. గాజువాకలో పిల్లల డాక్టరు చెవులు చూసి, గొంతు చూసి, లోపమేమీ లేదన్నాడు. ఇంట్లో వాడితో బాగా మాట్లాడమన్నాడు. ఆ మాట దగ్గర రాణికి తల వాలిపోయింది. పదో తరగతి మధ్యలో బడి మానేసి పెళ్ళిపీటల మీద కూర్చున్న మనిషి. చదువులేని తల్లి దగ్గర పిల్లాడికి మాటలెలా వస్తాయని అనుకోరూ? అందుకే అత్తమామల్ని తనే పట్టుబట్టి ఊరి నుంచి కూర్మన్నపాలెం రప్పించింది. ఇంట్లో మనుషులుంటే వాళ్ళ మాటలు వాడి చెవిన పడతాయని.

వాళ్ళొచ్చాక ఇంట్లో ఉన్న మాటలు కూడా పోయాయి. అత్తగారు టీవీ పెట్టనివ్వదు. మనవణ్ణి పేరు పెట్టి పిలవదు, ఇంకొకరిని పిలవనివ్వదు. గుంటడా అంటే గుంటడా, అంతే. మావగారు నీలకంఠం ఫోను కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడతాడు. "ఈవిడితో కాపురం సేసి నానే మాటలు మర్సిపోనానమ్మా, గుంటడి సంగతి సెప్పాలా" అని ఒకసారి నవ్వించబోయాడు. రాణికి నవ్వు రాలేదు.

అన్నిటికన్నా రాణికి గిట్టనిది దీపాల వేళ. స్టీల్ ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడగానే అత్తగారు లేచి వీధి తలుపు గడియ వేస్తుంది. మూసిన తలుపుకి మొహం ఆనించి, అవతల ఎవరో నిలబడ్డట్టుగా మెల్లిగా చెబుతుంది.

"ఈ ఇంట్లో పిల్లల్నేరు. ఎల్లిపో."

అప్పుడు సాయి ఆడుతున్న బొమ్మ వదిలేసి తలుపు కేసి చూస్తాడు. ఒక్కోసారి నవ్వుతాడు కూడా.

డ్యూటీ నుంచి వచ్చిన మొగుడు ఉమాశంకర్‌ని రాణి నిలదీసింది. పచ్చటి ఇంట్లో పిల్లల్లేరని ఆ శాపనార్థాలేమిటంది. అతను సాక్సులు విప్పుకుంటూ తలెత్తకుండా చెప్పాడు.

"నాకన్నా ముందు మాయమ్మకి ఇద్దరు పుట్టినారు రాణీ. ఇద్దరూ మాటలు రాగానే పోనారు. దీపాల యేళ బయట్నుంచి ఎవరో పిలిసినారంట. బాగా తెలిసిన గొంతేనంట. పలికి, బయటికెళ్ళినారు. ఆ రాత్రే జొరం. మరి లేవనేదు. అందుకని నాను నోరు తెరిస్తే సాలు, మాయమ్మ మూసేసీది. నాలుగేళ్ళు దాటేదాకా నాను మాటాడ్నేదు."

"ఇదంతా మీరు నమ్ముతారా?"

"పాతకాలం మనిషి. పోనీలే" అని అతను స్నానానికి వెళ్ళిపోయాడు.

రాణి మాత్రం పోనివ్వలేకపోయింది. మర్నాడు మధ్యాహ్నం సాయి ఆవలించబోయినా ఆ ముసలి వేలు పెదాల మీదికి వచ్చింది. రాణి ఆ చేతిని తోసేసింది.

"నా బిడ్డ మూగోడైపోతే మీకు బాగుంటాదా అత్తా? మాటలొస్తాయని పిలిపించుకున్నాను. మీరొచ్చి గొంతు నొక్కేత్తన్నారు."

గౌరీశ్వరి తోసేసిన చేతిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

"మూగోడుగానే ఉండనీ అమ్మా" అంది. "ఉంటాడు గదా."

నీలకంఠం లేచి సంచి సర్దాడు. మెట్లు దిగబోతూ గౌరీశ్వరి వెనక్కి తిరిగింది. పెందుర్తి బస్సు పోతుందని ఆయన తొందరపెడుతున్నా కదల్లేదు. "నామీద కోపం నామీదే ఉంచు. తలుపుకి గడియ మాత్రం మరవకు" అంది.

వాళ్ళు వెళ్ళగానే రాణి టీవీ పెట్టింది. కిటికీలు తీసింది. సముద్రం గాలి రానీ అని వీధి తలుపు బార్లా తెరిచింది. సాయి ముందు కూర్చుని కాకి, కుక్క, బండి, లారీ అంటూ గొంతు ఎండిపోయేదాకా మాట్లాడింది. వాడు మాత్రం ఆమె నోటికేసే చూస్తూ కూర్చున్నాడు. చివరికి విసుగొచ్చి, వాణ్ణి హాల్లో బొమ్మల దగ్గర వదిలి, పాలు కాద్దామని వంటింట్లోకి వచ్చింది. స్టీల్ ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడుతోంది. గడియ సంగతి గుర్తొచ్చింది. వేయకూడదని పంతం పట్టింది.

ఇంతలో కరెంటు పోయి టీవీ ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. పాలు పొంగుతున్న చప్పుడొక్కటే.

"వత్తన్నానమ్మా."

రాణి చేతిలోంచి గరిటె జారిపోయింది. సాయి గొంతు. ఎన్నడూ ఆ గొంతు మాటాడగా వినని ఆమె చెవులకి అది ఎలా తెలిసిందో గానీ, తన బిడ్డదే. అమ్మా అన్నాడు. మొదటి మాటే అమ్మా అన్నాడు. కళ్ళు నిండిపోయి స్టవ్వు కూడా కనిపించలేదు. ముందు అత్తకే ఫోన్ చేసి వినిపించాలనుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని హాల్లోకి పరిగెత్తింది.

సాయి ఆమె వైపు రావడం లేదు. వీపు తిప్పి, ఎవరో వేలు అందించినట్టు ఒక చెయ్యి పైకెత్తి, నవ్వుకుంటూ గడప దాటుతున్నాడు.

రాణి వాణ్ణి అసలు పిలవనే లేదు.