కేశవపట్నం దాటని బండి

“భాయ్, నీకు దండం పెడుత. గీ ఇంజన్ ఇప్పి కాల్వల పారెయ్యి!”

లింగమూర్తి బండిని తోసుకుంటూనే షెడ్డులోకి వచ్చాడు. తెల్ల చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. హ్యాండిల్‌కు వేలాడుతున్న సంచిలో పండ్లు, తమలపాకులు ఎండకు వాడిపోయాయి.

హుజూరాబాద్ బస్టాండు వెనక ఉన్న ఆ షెడ్డు అబ్బాస్‌ది. చేతిలోని స్పానర్ కింద పెట్టి అతను నెత్తి పట్టుకున్నాడు.

“మళ్ల ఆగిందా?”

“ఆగక? కేశవపట్నం ఇంక కనబడనే లేదు, గుర్రుమని సచ్చింది. కొత్త పిస్టన్ అంటివి, కొత్త రింగులంటివి, ఇంజన్ కడుపు మొత్తం మార్చిన అంటివి. ఇల్లలకంగనె పండుగైతదా?”

ఆ మాట అబ్బాస్‌కు చురుక్కుమంది. ఈ పాత టూ స్ట్రోక్ బండిని ఎవరూ ముట్టుకోనంటే, నేను నడిపిస్తానని మాటిచ్చి ఇంజను మొత్తం కొత్తగా కట్టింది తనే. షెడ్డు ముందు గంటసేపు నిలబెట్టినా గడియారంలా కొట్టుకుంటుంది. ఊళ్లో తిప్పితే నవ్వుతూ తిరుగుతుంది. కరీంనగర్ తొవ్వ పట్టిందంటే చాలు, సగంలో మొండికేస్తుంది.

“జర బస్సెక్కి పోరాదు, మూర్తి భాయ్?”

“బస్సా? నా లగ్గం మాట ఖాయం చేసుకోను మా బాపు గీ బండి మీదనే పోయిండు. పెద్దబిడ్డ సంబంధం గూడ గీ బండి మీద పోతెనే కుదిరింది. ఇప్పుడు చిన్నబిడ్డ సృజన లగ్గం మాటకు బస్సెక్కుతనా? మంచి పనికి పోంగ దారిల బండి ఆగితె ముందుకు పోవద్దని మా అవ్వ చెప్పేది. గందుకే ఆగిన కాడికెల్లి మర్లి వస్తున్న. పిల్లగానోల్లు శుక్రవారం ఆఖరన్నరు. గా రోజు గూడ పోకుంటె వేరే పిల్లను చూసుకుంటరట.”

“పిల్లను అడిగిండ్రా?”

“అడిగేదేమున్నది? నేను బయలెల్లే రోజు పొద్దుగాల్ల లేచి బండి కడిగి, బొట్టు పెట్టేది అదే. నేను ఇంటికొస్తె ముందుగాల ‘యాడిదాక పోయింది బాపూ’ అని అడిగేది గూడ అదే. గీ లగ్గం మీద గంత రంది, గంత ఆరాటమున్నది దానికి!”

అబ్బాస్ పనిలో పడ్డాడు. ప్లగ్గు తీసి చూశాడు. తెల్లగా కాలి ఉంది. అంటే ఇంజనుకు పెట్రోలు చాలడం లేదు. కార్బొరేటర్ విప్పి, పెట్రోలు చిమ్మే జెట్టు రంధ్రాన్ని సన్న తీగతో పొడిచి, మళ్లీ కడిగాడు. ఎన్నోసారి కడుగుతున్నాడో అతనికే లెక్క లేదు. ఫ్లోట్ మార్చాడు. ట్యాంకులో తుప్పుందేమో చూడాలి. ట్యాంకు మూత నడిమధ్య పసుపు, దాని మీద కుంకుమ దిట్టంగా అద్ది ఉన్నాయి. హుజూరాబాద్‌లో బొట్టు లేని బండి ఎక్కడుంది? ఒకరి పూజను తన మడ్డి చేతులతో చెరపడం ఇష్టంలేక, అబ్బాస్ మూతను అంచు పట్టుకుని తిప్పి పదిలంగా పక్కన పెట్టాడు. లోపల తుప్పు లేదు. పైపు ఊడదీస్తే పెట్రోలు ధార కట్టింది.

పెట్రోలుంది. దారుంది. మరి ఇంజనుకు అందదెందుకు? అబ్బాస్‌కు ఏడుపొక్కటే తక్కువ. కసికొద్దీ స్పానర్‌ను గోడకేసి కొట్టాడు.

“రేపు నేను గూడ వస్త, మూర్తి భాయ్. నా కండ్ల ముందట ఆగాలె అది.”

మర్నాడు, గురువారం, ఇద్దరూ బయలుదేరారు. గేటు దగ్గర నిలబడ్డ సృజన వేళ్లకు ఇంకా పసుపు తడి ఆరలేదు.

బండి హాయిగా పోతోంది. లింగమూర్తి వెనక కూర్చుని దేవుళ్లందరినీ తలుచుకుంటున్నాడు. కేశవపట్నం ఇంకాస్త దూరం ఉందనగా ఇంజను దగ్గింది, గింజుకుంది, ఆగింది.

“చూసినవా!” లింగమూర్తి నెత్తి కొట్టుకున్నాడు. “నా బిడ్డకు గీ సంబంధం రాసిపెట్టి లేదు.”

అబ్బాస్ దిగీ దిగకముందే ట్యాంకు మూత తిప్పాడు. ‘సుయ్’మని గాలి లోపలికి పీల్చుకుంది. షెడ్డు దగ్గర ఎన్నిసార్లు తీసినా ఈ చప్పుడు లేదు. అతను మూతను ఎండకు ఎత్తి పట్టి చూశాడు. తర్వాత రోడ్డు మీదే గట్టిగా నవ్వడం మొదలుపెట్టాడు.

“పరేషాన్ జేసి సంపింది! మూతకు గాలి పోను సన్న చిల్లు ఉంటది, మూర్తి భాయ్. పసుపు ఎండి గది మూసుకపోయింది. పైకెల్లి గాలి దిగకుంటె కిందికి పెట్రోలు ఎట్ల దిగుతది? ఇంజన్ కాదు, నీ బిడ్డ భక్తి ఆపుతున్నది బండిని!”

జెట్టు పొడిచే తీగతో చిల్లు తీశాక బండి కేశవపట్నం దాటింది. ఒకసారి ఆగిన రోజు మంచి పనికి పోకూడదు కాబట్టి, మానకొండూరు దాకా పరీక్షకే పోయి, ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చింది. లింగమూర్తి ఇంటికి రాగానే పెళ్లికొడుకు వాళ్లకు ఫోన్ కలుపుతూ లోపలికి నడిచాడు. “రేపు పొద్దుగాల్లనే వస్తున్నం బావా, ఇగ ఫికర్ లేదు” అన్న అతని గొంతు వాకిట్లోకి వినిపిస్తోంది.

అబ్బాస్ ప్రాణం కుదుటపడింది. మాట నిలబడింది, అంతకంటే ఏం కావాలి? వాకిట్లో బండి పక్కనే నిలబడి మూతకేసి చూస్తున్న సృజనను చూసి నవ్వాడు.

“తప్పు నీది కాదు బేటా, తెలువక జరిగింది. రేపటికెల్లి మూతను ఇడిసిపెట్టి, హెడ్‌లైట్ మీద పెట్టు బొట్టు.”

సృజన లోపలినుంచి వస్తున్న తండ్రి నవ్వును కాసేపు విన్నది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అబ్బాస్‌కు మాత్రమే వినపడేలా అడిగింది.

“గక్కడ పెడితె బండి ఎట్ల ఆగుతది, చిచ్చా?”