గుప్పెడు రాళ్లుప్పు

నాగమల్లేశ్వరి పెరట్లో పండుగప్ప చేపను రాళ్లుప్పుతో రుద్ది కడుగుతోంది.

మధ్యాహ్నం ఉప్పునేల డాక్టరు గారు భోజనానికి వస్తున్నారు. తుఫానుకు సముద్రం ముంచిన వాళ్ల రెండెకరాల్లో మూడేళ్లుగా గడ్డిపరక మొలవలేదు. కోడూరులో గోవర్ధనరావు గారి పొలాన్ని బతికించింది ఆయనేనట. ఆయన కూడా పెదవి విరిస్తే, ఆ నేల రొయ్యల చెరువుల వాళ్ల పాలే.

పెరటి కాలవ పక్కన లుంగీ కట్టుకున్న ముసలాయన ఎవరో తడి మట్టి తీసి డబ్బాలో వేసుకుంటున్నాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"దణ్ణాలమ్మా. బస్సులో ఎండకి ఇవి వాడిపోయినాయి. కాస్త తడి కోసం..."

డబ్బాలో వానపాములు. మూరెడు పొడుగు, బొటనవేలి లావు.

"అమ్మో, పాముపిల్లల్లే ఉన్నాయే!"

"ఏం చెయ్యవమ్మా. ఇంత కావడానికి నాలుగేళ్లు పట్టుద్ది. ముక్కూ ఊపిరితిత్తులూ ఉండవు వీటికి, ఒళ్లంతా ఊపిరే. తడారితే ప్రాణం పోద్ది."

అంతలో ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బుచ్చిరాజు వచ్చాడు.

"ఏవయ్యోయ్! గాలానికి ఎర్రలు కావాలంటే మా దొడ్డే దొరికిందా?"

"ఇవి నావేనండీ..."

"మా మట్టిలోవి నీవెట్టా అయినాయి?"

అవి బస్సులో వచ్చాయని నాగమల్లేశ్వరికి తెలుసు. మొగుడితో వాదనెందుకని చేపమీదికి వంగింది.

బుచ్చిరాజు ఆమె పళ్లెంలోంచి గుప్పెడు రాళ్లుప్పు తీసి డబ్బాలో పోశాడు.

వానపాములు ఎగిరెగిరి పడ్డాయి. పచ్చటి నురగ కక్కుతూ ఒకదానికొకటి చుట్టుకున్నాయి.

"చూడవే, రికార్డు డాన్సు!"

ఆమెకూ నవ్వొచ్చింది.

ముసలాయన వేళ్లతో ఉప్పు ఏరబోయాడు. ఒక్కొక్క వానపామే అతని అరచేతిలో వాలిపోయింది.

"ఇంక లెగు. పెద్దాయనొచ్చే వేళయింది."

"ఎవరు బాబూ?"

"ఉప్పునేల డాక్టరు గారు. నీకెట్టా తెలుస్తాడులే."

ముసలాయన డబ్బాకు మూత పెట్టాడు.

"ఇప్పుడాయన వచ్చి మాత్రం ఏం చేస్తాడు బాబూ!"

వెళ్లిపోయాడు.

పులుసు ఉడికింది. ఒంటిగంటకు గోవర్ధనరావు ఫోను చేశాడు. బుచ్చిరాజు స్పీకరు పెట్టాడు.

"మొయినుద్దీన్ గారు దిగారా? కారు పంపుతానన్నా వినకుండా బస్సెక్కాడు. ఆయన డబ్బా భద్రం రాజూ. వానలకి ఉప్పు దిగాక ఆ వానపాములు తొలిస్తేనే నేల తేరుకునేది. నా పొలంలో వదిలినవి పోను ఆయన పెంచినవి అవే మిగిలినాయి, నీకనే తెచ్చాడు."

నాగమల్లేశ్వరి పొయ్యి కట్టేసి, ముసలాయన వెళ్లిన దారినే ఇల్లు దాటి వెళ్లిపోయింది.