గళ్ళ చొక్కా ముక్క

"మొదటి బహుమతి మా వదినకే!" అంటూ, ఊళ్ళో అందరికీ బట్టలు కుట్టే మిషనక్క రిబ్బను గుచ్చడానికి బొంత అంచు పట్టుకుంది. బొంతల పోటీ చూడ్డానికి వచ్చిన జనంతో స్కూలు హాలు కిటకిటలాడుతోంది.

ఆమె వేళ్ళు ఒక ఆకుపచ్చ గళ్ళ ముక్క దగ్గర ఆగిపోయాయి. దాని మీద వంకర కాజా ఒకటి ఉంది. అన్నయ్య పుట్టినరోజుకి తను హడావిడిగా కుట్టిన చొక్కాది. ఆ వంకర చూపించి అన్నయ్య ఎంత ఏడిపించాడో!

"వదినా, ఈ గుడ్డ ఎక్కడిది?"

"ఏదో పాతది. రిబ్బను పెట్టు, అందరూ చూస్తున్నారు."

"అన్నయ్య ఈ చొక్కాతోనే ఇల్లు వదిలి వెళ్ళిపోయాడని పోలీసులకి చెప్పింది నువ్వే కదా?"

మూడేళ్ళుగా తనతో పాటు ఏడ్చిన వదిన ముఖంలో ఇప్పుడు ఏడుపు జాడే లేదు. ఆమె మెల్లగా బొంత మడత పెట్టసాగింది.

"ఇంటికి రా, చెబుతాను. ఒక్కదానివే రా."

మిషనక్కకి అంతా అర్థమైంది. ఇన్నాళ్ళూ తను స్టేషన్లూ ఆసుపత్రులూ తిరిగి వెతికింది. అన్నయ్య అసలు ఆ ఇంటి గడపే దాటలేదు.

"మాస్టారూ!" అని వేదిక మీదున్న హెడ్మాస్టరుని కేకేసింది. "పోలీసులకి ఫోన్ చెయ్యండి."

వదిన బొంతను గట్టిగా లాగింది. మిషనక్క రెండు చేతులతో పట్టుకున్న కొసను వదల్లేదు.