రెండో బెంచీలో ఎర్ర వైరు

బొగ్గు గనిలో మెట్టులా తవ్విన రెండో బెంచీ మీద, పగిలిన బండల మధ్య నుంచి జానెడు ఎర్ర వైరు బయటికి పొడుచుకొచ్చి ఉంది.

పేలుడు మందు పెట్టి బండలు పగలగొట్టే షాట్‌ఫైరర్ నర్సింగం అక్కడే ఆగిపోయాడు. నిన్న మధ్యాహ్నం ఈ బండల్ని పేల్చింది అతనే. వైరు మిగిలిందంటే దాని కొసన మందు పేలకుండా ఉందన్నమాట. బండలెత్తే షావల్ యంత్రం పన్ను ఒక్కటి తగిలినా చాలు.

"ఆపు! ఆపు!" అని షావల్ ఆపరేటర్‌కు చేతులూపి, ప్రాజెక్టు ఆఫీసర్ వామనరావుకు ఫోన్ చేశాడు.

"పేలని మందున్నది సార్. రెండో బెంచీల."

"షావల్ ఎన్కకు తియ్యమను. చెట్టు దిక్కు ఒక్కన్ని గూడ పోనియ్యకు. నీ సంగతి నేనొచ్చి జెప్త."

చెట్టంటే పచ్చనిది కాదు. నిన్నటి పేలుడుకు బయటపడిన మొద్దు. కోట్ల ఏళ్ల కిందట మట్టిలో పడి రాయిగా మారింది. గనుల్లో ఇలాంటివి దొరికితే ఎలా కాపాడాలో మేనేజర్లకు నేర్పడానికి గోదావరిఖని వచ్చిన శాస్త్రవేత్త అన్విత, నిన్న సాయంత్రం వాళ్లందరినీ ఇక్కడికే తీసుకొచ్చింది. క్లాసులో చివరి కుర్చీలో కునుకు తీసిన వామనరావును అందరి ముందూ బతిమాలింది.

"ఒక్కరోజు షావల్ ఆపండి సార్. రేపటికి హైదరాబాద్ నుంచి క్రేను లారీ వచ్చేస్తుంది."

"ఏమని రాసియ్యాలె మేడం? రాయి ముద్దొచ్చిందనా?"

మేనేజర్లంతా నవ్వారు.

"మా దగ్గర షావల్ ఆగాలంటే చెట్టు చాలదు. ప్రాణం మీదికి రావాలె," అన్నాడు వామనరావు.

ఇప్పుడు ప్రాణం మీదికే వచ్చింది.

మధ్యాహ్నానికి లారీ కూడా వచ్చింది. వచ్చి, హెచ్చరికగా పాతిన ఎర్రజెండాల దగ్గరే నిలబడిపోయింది. మొద్దుకు బారెడు దూరంలో ఆ వైరు.

"ఆ మందు ఎట్లా తీస్తారు?" అని అడిగింది అన్విత.

"తీసుడు కాదు మేడం. పక్కపొంటి ఇంకో బొక్క కొట్టి, రెండూ కలిపి పేల్చాలె. రూలు గదే."

"మరి మొద్దు?"

"అది గూడ తునకలైతది మేడం."

అంతలో డ్రిల్లు యంత్రం దుమ్ము లేపుకుంటూ కిందికి దిగడం మొదలుపెట్టింది. దాని ముందు సేఫ్టీ ఆఫీసర్ జీపు. నర్సింగం సస్పెన్షన్ కాగితం కూడా అందులోనే వస్తోందని అందరికీ తెలుసు.

"నిన్న పేలినంక బండ బండ తిరిగి చూసిన సార్," జెండాల దగ్గరున్న వామనరావుతో అన్నాడు నర్సింగం ఏడుపు గొంతుతో. "ఈ వైరు లేకుండె. నా బిడ్డ మీద ఒట్టు."

"మరి రాత్రికి రాత్రి మొలిచిందా?" అని ఎవరో ఎగతాళి చేశారు.

వామనరావు లారీ వైపు చూశాడు. డ్రిల్లు వైపు చూశాడు. హెల్మెట్ తీసి అన్విత చేతిలో పెట్టి, జెండాల తాడు కింది నుంచి దూరాడు.

"సార్! అటు పోకుండ్రి!"

ఆయన ఆగలేదు. బండలెక్కి, వైరు ముందు వంగి, దాన్ని రెండు చేతులా పట్టాడు.

"ముట్టుకోకుండ్రి సార్! పేలుతది!"

వామనరావు గట్టిగా లాగాడు. జనం నేల మీద బోర్లా పడ్డారు. అన్విత కళ్లు మూసుకుంది.

ఏ చప్పుడూ కాలేదు.

"నర్సింగాన్ని ఏమనకుండ్రి," మందు లేని వైరు కొసను పైకెత్తి చూపిస్తూ అన్నాడు వామనరావు. "చెట్టు కోసం ఆపుతున్ననని రాసే ధైర్యం లేక, తెల్లారకముందే ఈ వట్టి వైరు దోపింది నేనే."